తీర్థయాత్ర, దానధర్మం, రాజ్యాధికారం: జెరూసలేం యూదులకు క్రైస్తవ ప్రపంచం పెట్టిన రొట్టె

1882 మే నెలలో రష్యా చక్రవర్తి మూడో అలెగ్జాండర్ ప్రభుత్వం రెండు పనులు చేసింది. మొదటిది: యూదులు పట్టణాలు వదిలి పల్లెల్లో కొత్తగా కాపురం పెట్టకూడదనీ, అక్కడ భూములు కౌలుకు తీసుకోకూడదనీ, ఆదివారాల్లోనూ క్రైస్తవ పండుగల్లోనూ వ్యాపారం చేయకూడదనీ శాసించింది. చరిత్రలో వీటికి 'మే చట్టాలు' అని పేరు. రెండవది: పాలస్తీనాకు పోయే రష్యన్ క్రైస్తవ యాత్రికుల సౌకర్యాలు చూడటానికి ఆర్థడాక్సు పాలస్తీనా సంఘం స్థాపనను ఆమోదించింది. ఆ సంఘానికి అధ్యక్షుడు చక్రవర్తి తమ్ముడు గ్రాండ్ డ్యూక్ సెర్గీ. రైతులకు చౌక టిక్కెట్లు, జెరూసలేంలో సత్రాలు, ఆస్పత్రులు ఆయన నాయకత్వంలోనే విస్తరించాయి. ఇదే సెర్గీ 1891లో మాస్కో గవర్నరు జనరల్ అయ్యాడు. ఆ సంవత్సరమూ మరుసటి సంవత్సరమూ కలిసి మాస్కో నుంచి సుమారు 20,000 మంది యూదులను వెళ్ళగొట్టారు.

ఒకే రాజ్యం, ఒకే కుటుంబం, ఒకే మత విశ్వాసం. ఒక చేత్తో క్రీస్తు పుట్టిన నేలకు బాట వేయటం, రెండో చేత్తో క్రీస్తు పుట్టిన జాతిని ఇళ్ళలోంచి ఈడ్చివేయటం. దీన్ని కేవలం కపటమని కొట్టివేస్తే చరిత్ర అర్థం కాదు. సెర్గీ తన భక్తిలో నిజాయితీపరుడే. ఆ భక్తి ఎవరి ప్రయోజనాలకు కట్టుబడి పనిచేసింది, దానిలో యూదునికి మనిషిగా చోటు వున్నదా అన్నవే మనం వేసుకోవలసిన ప్రశ్నలు.

క్రైస్తవులు జెరూసలేం యాత్రలు చేయటమూ, అక్కడి యూదులకూ ఇతర దేశాల్లోని యూదులకూ సహాయం చేయటమూ ఒక సుదీర్ఘమైన కథ. దీనిని గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇదంతా నిర్మల కారుణ్యమనేది ఒకటి. ఇదంతా కుట్ర అనేది రెండవది. మొదటి అభిప్రాయం అధికారాన్ని చూడదు. రెండవది ఆకలిని చూడదు. పైగా కుట్ర సిద్ధాంతాలు చివరకు యూదులనే నేరస్థులుగా నిలబెట్టే పాత విషపు బావిలోకి దారితీస్తాయి. అభ్యుదయవాదులకు ఈ రెండూ పనికిరావు.

1

యాత్రికుడు యూదుని ఇంటికి మొదట రొట్టె పట్టుకుని రాలేదు, కత్తి పట్టుకుని వచ్చాడు. 1095లో రెండో అర్బన్ పోపు పిలుపు విని బయలుదేరిన క్రూసేడు సైనికులు తమను తాము యాత్రికులనే చెప్పుకున్నారు. 1096లో ఆ యాత్రికుల గుంపులు రైన్ నదీతీరంలోని స్పేయర్, వర్మ్స్, మైన్జ్ పట్టణాల యూదులను ఊచకోత కోశాయి. కొందరు బిషప్పులు తమ కోటల్లో దాచి కాపాడటానికి ప్రయత్నించారు; చాలాచోట్ల ఆ ప్రయత్నం నిలవలేదు. 1099 జూలైలో జెరూసలేం వారి చేతిలో పడినప్పుడు అక్కడి ముస్లిములతోపాటు యూదులూ హతులయ్యారు. 1187లో సలాదీన్ ఆ నగరాన్ని గెలుచుకున్న తర్వాతగాని యూదులు తిరిగి అక్కడ స్థిరపడటం సాధ్యం కాలేదు.

క్రైస్తవ యాత్రకు ఇటువంటి పూర్వ చరిత్ర వున్నదని గుర్తుంచుకుంటే, పంతొమ్మిదో శతాబ్దంలో అదే నగరానికి మందుల పెట్టెతో వచ్చిన యాత్రికుణ్ణి చూసి అక్కడి యూదులు ఎందుకు బెదిరిపోయారో అర్థమవుతుంది.

2

పంతొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో పాలస్తీనా యూదుల జీవితం ఎలా వుండేది? జెరూసలేం, హెబ్రోను, సఫేదు, తిబెరియ అనే నాలుగు పవిత్ర పట్టణాల్లోనే ఎక్కువమంది వుండేవారు. చాలామందికి భూమి లేదు, గిట్టుబాటయ్యే వృత్తి లేదు. ప్రార్థన, గ్రంథ పఠనం జీవిత ధర్మంగా పెట్టుకున్న ఆ సమాజానికి ఐరోపా యూదులు చందాలు పోగుచేసి పంపేవారు. ఈ పద్ధతికి 'హలుక్కా' అని పేరు, అంటే పంపకం. పోలెండు నుంచి వచ్చినవారికి ఒక సంఘం, జర్మనీ నుంచి వచ్చినవారికి మరొక సంఘం — ఇలా ఎవరి దేశపు చందా వారి మఠాధికారుల చేతిమీదుగా పంపకమయ్యేది.

పవిత్ర ధనమైనంత మాత్రాన పంపకంలో వర్గాలు లేకుండా పోవు. పంచేవాని చేతిలో అధికారం, పుచ్చుకునేవాని మెడలో విధేయత సహజంగానే ఏర్పడ్డాయి. హలుక్కా మనుషులను సోమరులను చేస్తున్నదనీ, పంపకంలో న్యాయం లేదనీ యూదులలోని సంస్కరణవాదులే విమర్శించారు. పైగా ఈ జీవనాధారం ఎప్పుడు తెగిపోతుందో తెలియదు. 1837 జనవరి 1న వచ్చిన భూకంపం సఫేదును, తిబెరియను నేలమట్టం చేసింది. క్రిమియా యుద్ధకాలంలో (1853–56) రష్యా నుంచి రావలసిన చందా ఆగిపోయింది, ధరలు మండిపోయాయి, జెరూసలేం యూదుల పేటలో ఆకలి తాండవించింది.

క్రైస్తవ దానం ప్రవేశించిన రంగస్థలం ఇది.

3

1809లో యూదులలో క్రైస్తవ మతప్రచారం కోసం లండన్ సొసైటీ ఒకటి ఏర్పడింది. బైబిలు ప్రవచనాల ప్రకారం యూదులు పాలస్తీనాకు తిరిగిచేరాలనీ, అటుపిమ్మట క్రీస్తు పునరాగమనం జరుగుతుందనీ నమ్మే సువార్తవాదులు దానికి అండ. వారిలో ప్రముఖుడు ఆష్లీ ప్రభువు. తర్వాత షాఫ్ట్స్‌బరీ ప్రభువైనవాడు. మన పాఠకులకు ఈ పేరు కొత్త కాదు. 1842లో గనుల్లో స్త్రీలూ చిన్నపిల్లలూ పనిచేయకుండా చట్టం తెచ్చినవాడు, పదిగంటల పనిదినం కోసం పోరాడినవాడు ఆయనే. ఆయన దయ నిజమైనదే. అయితే అదే మనిషి పాలస్తీనా జాతిలేని దేశమని 1853లో మంత్రులకు రాశాడు. పొలాలు దున్నుతూ, ఆలివు తోటలు పెంచుతూ తరతరాలుగా బతుకుతున్న లక్షల అరబ్బులు ఆయన కంటికి ఆనలేదు.

బ్రిటిషు రాజ్యానికి బైబిలుకంటె మరొక అవసరం వుంది. ఒట్టోమాను సామ్రాజ్యం బలహీనపడుతున్న ఆ రోజుల్లో ఫ్రాన్సు అక్కడి కాథలిక్కులకు రక్షకురాలినన్నది. రష్యా ఆర్థడాక్సులకు రక్షకురాలినన్నది. బ్రిటనుకు ఆ నేలమీద చెప్పుకోదగిన ప్రొటెస్టెంటు జనం లేరు. రక్షించటానికి ఎవరో ఒకరు కావాలి. 1838లో జెరూసలేంలో వైస్ కాన్సలు పదవి సృష్టించారు. యూదులకు సాధారణ రక్షణ కల్పించటం ఆయన విధుల్లో ఒకటని 1839లో విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ కార్యాలయం ఆదేశించింది. యూదుల రాకను ప్రోత్సహించవలసిందని సుల్తానుకు నచ్చచెప్పమంటూ 1840 ఆగస్టులో పామర్‌స్టన్ తన రాయబారికి రాశాడు. పామర్‌స్టన్‌కు ప్రవచనాలమీద ఆసక్తి లేదు. సుల్తాను రాజ్యం నిలవాలి, ఈజిప్టు పాషా ఎదగకూడదు, బ్రిటిషు పలుకుబడికి ఒక ఆధారం కావాలి — ఆయన లెక్క ఇంతే. భక్తుని స్వప్నమూ మంత్రి లెక్కా ఒకే కాగితంమీద కలిశాయి.

1841లో బ్రిటను, ప్రష్యా కలిసి జెరూసలేంలో బిషప్పు పీఠం నెలకొల్పాయి. మొదటి బిషప్పు మైకేల్ సాలమన్ అలెగ్జాండర్ యూదుడుగా పుట్టి, రబ్బీగా వుండి, తర్వాత క్రైస్తవుడైనవాడు. 1844 చివర లండన్ సొసైటీ జెరూసలేంలో యూదులకోసమే ఒక ఆస్పత్రి తెరిచింది. మందు ఉచితం, పడక ఉచితం, యూదుల ఆచారం ప్రకారం వండిన భోజనం ఉచితం. సువార్త కూడా ఉచితమే.

రబ్బీలు ఆ ఆస్పత్రిలో చేరినవారిని వెలివేస్తామని ప్రకటించారు. వారి భయం నిరాధారమైనది కాదు. రోగి మంచం పక్కన మతం మార్చటానికి కూర్చునే వైద్యుడు కేవలం వైద్యుడు కాడు. కాని రోగి సంగతి ఏమిటి? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టయింది వాని పరిస్థితి. అయినప్పటికీ బీదలు వెలికి వెరవక ఆ ఆస్పత్రికి పోయారు, మందు పుచ్చుకున్నారు, అత్యధికులు యూదులుగానే తిరిగివచ్చారు. లండన్ సొసైటీ దశాబ్దాల తరబడి పోసిన ధనానికి దొరికిన మతాంతరులు బహు స్వల్పం. చరిత్రకారులు మిషనరీ పట్టుదలనూ రబ్బీల ప్రతిఘటననూ వర్ణిస్తారు గాని, ఇద్దరి మధ్యనుంచి తనకు కావలసింది తీసుకుని, తన విశ్వాసాన్ని తన దగ్గరే వుంచుకున్న ఆ బీదవాని వివేకాన్ని తగినంతగా గుర్తించరు.

ఈ పోటీకి మరొక ఫలితం కూడా వుంది. మిషను ఆస్పత్రి భయంతోనే ఐరోపాలోని సంపన్న యూదులు కదిలారు. సర్ మోజెస్ మాంటిఫియోరీ 1843లోనే ఒక యూదు వైద్యుణ్ణి జెరూసలేం పంపాడు. 1854లో రోత్‌చైల్డు కుటుంబం ఆస్పత్రి తెరిచింది. అమెరికా వర్తకుడు జుడా టూరో మరణశాసనంలో వదిలిన 50,000 డాలర్లతో 1860లో నగరపు గోడల బయట మొదటి యూదు నివాసాలు లేచాయి. బీదవాని ఆత్మకోసం ఇద్దరు పోటీపడితే బీదవాని శరీరానికి రెండు ఆస్పత్రులు దక్కాయి!

4

1846 నుంచి 1863 వరకు జెరూసలేంలో బ్రిటిషు కాన్సలుగా వున్న జేమ్స్ ఫిన్ ఈ వ్యవస్థలోని వైరుధ్యాలకు ప్రతిరూపం. హీబ్రూ నేర్చినవాడు, లండన్ సొసైటీ సభ్యుడు. ఆయన భార్య ఎలిజబెత్ సుప్రసిద్ధ మిషనరీ మెకాల్ కుమార్తె. యూదులకు కావలసింది చందా కాదు, పని అని ఫిన్ దంపతులు గ్రహించారు. జెరూసలేం శివార్లలో భూమి కొని, 'అబ్రహాము ద్రాక్షతోట' అని పేరుపెట్టి, కరువు రోజుల్లో ఆకలిగొన్న యూదులకు అక్కడ పని ఇచ్చారు. నీటితొట్లు తవ్వించారు, రాళ్ళు కొట్టించారు, సబ్బు తయారు చేయించారు. కూలి పని ఎరగని పండితులు పలుగు పట్టి పనిచేశారు. ఆనాటి ధర్మకర్తలందరిలోనూ ఫిన్ ఈ విషయంలో ఒక అడుగు ముందున్నాడనక తప్పదు.

అయితే ఆ తోటకు యజమాని ఎవరు? కాన్సలు. ఎంతమందికి పని ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేదెవరు? కాన్సలు. పలుగు పట్టినవానికి ఆ నేలమీద హక్కు లేదు. ఫిన్ అప్పుల్లో మునిగి 1863లో పదవి పోగొట్టుకుని వెళ్ళిపోయాడు. దాత చిత్తశుద్ధి ఎంత గొప్పదైనా, ఆ శుద్ధిమీద ఆధారపడి బతకవలసి రావటం బానిసత్వమే.

5

1869లో థామస్ కుక్ కంపెనీ మొదటి పాలస్తీనా యాత్రా బృందాన్ని నడిపింది. 1892లో జఫా రేవు నుంచి జెరూసలేంకు రైలు వచ్చింది. పుణ్యం టిక్కెట్టుగా మారిన ఈ కాలంలోనే రష్యాలో మారణకాండలు మొదలయ్యాయి. 1881లో చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత దక్షిణ రష్యాలో యూదుల ఇళ్ళూ దుకాణాలూ లూటీ అయ్యాయి. లక్షలాదిమంది పడమటికి బయలుదేరారు. కొందరు పాలస్తీనాకు వెళ్ళారు. ఒడెస్సా రేవులో ఒక వంక జెరూసలేం యాత్రకు పోయే రష్యన్ రైతు, మరొక వంక ఇల్లు కాలిన యూదుడు — ఇద్దరి గమ్యమూ జఫాయే.

1882 ఫిబ్రవరి 1న లండన్ నగరాధిపతి భవనంలో క్రైస్తవ ప్రముఖులు సభ జరిపారు. కాథలిక్కు కార్డినలు మానింగ్ యూదుల పక్షాన గట్టిగా మాట్లాడాడు. లక్ష పౌనులకు పైగా నిధి వసూలయింది. ఆ సభను తక్కువ చేయనక్కరలేదు. ఐరోపా క్రైస్తవ సమాజం యూదుల బాధను తన బాధగా బహిరంగంగా ప్రకటించిన గొప్ప సందర్భాల్లో అదొకటి.

కాని నిధి ఇవ్వటం వేరు, ఇంట్లో చోటివ్వటం వేరు. ఆ కాందిశీకులు లండన్ తూర్పు పేటల్లో చేరి దర్జీ కొట్టాల్లో పనిచేయటం మొదలుపెట్టేసరికి స్వరం మారింది. 1905లో ఆర్థర్ బాల్ఫర్ ప్రధానిగా వుండగా విదేశీయుల చట్టం వచ్చి తూర్పు ఐరోపా యూదులకు బ్రిటను ద్వారం సగం మూసింది. 1917 నవంబరు 2న అదే బాల్ఫర్ విదేశాంగ మంత్రిగా, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరచటానికి తోడ్పడతామని ప్రకటించాడు. మా దేశంలో కాదు, మరొకరి దేశంలో — ఇదీ ఆ ఔదార్యం సారాంశం! ఆనాటి పాలస్తీనా జనంలో పదింట తొమ్మిది వంతులుగా వున్న అరబ్బులను ఆ ప్రకటన పేరు పెట్టి కూడా పిలవలేదు. 'యూదేతర సముదాయాలు' అని సరిపెట్టింది. ఆ ప్రకటనను మంత్రివర్గంలో తీవ్రంగా ఎదిరించినది ఆ మంత్రివర్గంలోని ఏకైక యూదుడు, మనకు మాంటేగు–చెమ్స్‌ఫర్డు సంస్కరణల ద్వారా పరిచయమైన ఇండియా మంత్రి ఎడ్విన్ మాంటేగు. యూదులకు వేరొక దేశం చూపించటమంటే ఉన్న దేశంలో వారిని పరాయివాళ్ళను చేయటమేనని ఆయన వాదన.

అమెరికాలోనూ ఇదే ధోరణి. పాలస్తీనా యాత్ర చేసి వచ్చిన షికాగో మతప్రచారకుడు విలియం బ్లాక్‌స్టన్ 1891 మార్చిలో అధ్యక్షుడు హారిసన్‌కు ఒక అర్జీ సమర్పించాడు. రష్యా యూదులకు పాలస్తీనా ఇప్పించవలసిందని దాని కోరిక. సంతకాలు 413, వాటిలో రాక్‌ఫెల్లర్, జె. పి. మోర్గన్ వంటి కోటీశ్వరుల సంతకాలున్నాయి. తమ మిల్లుల్లో, గనుల్లో చెమటోడుస్తున్న వలస కూలీలకు కూలి పెంచటానికి ఈ సంతకాలు ఎన్నడూ పడలేదు.

6

దానం అంతా ఇంతేనా? కాదు. 1881లో షికాగో నుంచి స్పాఫర్డు దంపతులతో ఒక చిన్న క్రైస్తవ బృందం జెరూసలేం వచ్చి స్థిరపడింది. దీన్నే అమెరికన్ కాలనీ అన్నారు. మరుసటి సంవత్సరం యెమెన్ నుంచి నడిచీ ఓడలెక్కీ వచ్చిన బీద యూదులకు నగరంలో తల దాచుకోను చోటులేక, అక్కడి యూదు పెద్దలు కూడా వారిని ఆదరించక, గుహల్లో బతకవలసివచ్చింది. కాలనీవారు వారికి అన్నం పెట్టారు. వారిని క్రైస్తవులుగా మార్చే ప్రయత్నం చేయలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కరువులో అదే కాలనీ మతభేదం లేకుండా నగరవాసులకు గంజి కేంద్రాలు నడిపింది. వారికీ ప్రవచనాలమీద నమ్మకం వుంది. కాని ఆ నమ్మకాన్ని రొట్టెకు ధరగా కట్టలేదు.

మరొక ఉదాహరణ 1958లో జర్మనీలో పుట్టింది. నాజీల కాలంలో వికలాంగుల హత్యను ఎదిరించి న్యాయాధిపతి పదవి పోగొట్టుకున్న లోథర్ క్రైసిగ్ అనే ప్రొటెస్టెంటు, జర్మన్ యువకులు తమ జాతి నాశనంచేసిన చోట్లకు పోయి చేతులతో పనిచేయాలని పిలుపు ఇచ్చాడు. నాజీ మారణకాండలో 60 లక్షల యూదులు హతులైన తర్వాత, 1961 నుంచి ఆ యువకులు ఇజ్రాయెల్‌లో కూడా పనిచేశారు. వీరు పుణ్యం కోసం పోలేదు, అప్పు తీర్చటానికి పోయారు. దయ చూపేవాడు పైన నిలబడతాడు. అప్పు తీర్చేవాడు తల వంచుకుని నిలబడతాడు. ఈ తేడా చిన్నది కాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైన సమాధానం పీడితుల నుంచే వచ్చింది. 1897లో విల్నా పట్టణంలో యూదు కార్మికులు 'బుంద్' అనే సంఘం కట్టారు. నేతగాళ్ళు, చర్మకారులు, దర్జీలు చిల్లర కాసులు పోగుచేసి సమ్మె నిధులు నడిపారు. 1905 విప్లవంలో మారణకాండలను ఆయుధాలతో ఎదిరించే రక్షణ దళాలు పెట్టారు. రబ్బీ పంపకమూ, కాన్సలు తోటా, కోటీశ్వరుల అర్జీ చేయలేని పనిని ఆ చిల్లర కాసులు చేశాయి. మేము ఎవరి ప్రవచనానికీ పావులం కాము, మేము ఉన్నచోటే మాకు హక్కులు కావాలి అని చెప్పాయి. ఆ సంఘపు జనాన్ని నాజీలు చంపారు. అంతమాత్రాన ఆ మాట తప్పు కాలేదు.

7

ఈ కథ పాతబడలేదు. 1980లో జెరూసలేం అంతా తన రాజధాని అని ఇజ్రాయెల్ చట్టం చేయగా విదేశ రాయబార కార్యాలయాలు ఆ నగరం విడిచిపోయాయి. అందుకు బదులుగా కొందరు క్రైస్తవులు 'అంతర్జాతీయ క్రైస్తవ రాయబార కార్యాలయం' పేరుతో ఒక సంస్థ తెరిచారు. ఏటా పర్ణశాలల పండుగకు వేలాది యాత్రికులను రప్పించటం, యూదుల వలసకూ బీద వృద్ధులకూ ధనసహాయం చేయటం దాని పనులు. 1983లో ఒక అమెరికన్ రబ్బీ స్థాపించిన మరొక సంస్థ క్రైస్తవుల నుంచి ఏటా కోట్లాది డాలర్లు వసూలుచేసి యూదులకు పంచుతున్నది. ఒకనాడు వెలి వేసిన రబ్బీల స్థానంలో ఇప్పుడు చందా పుస్తకం పట్టిన రబ్బీ నిలబడ్డాడు.

ఆ ధనంతో ఉక్రెయిన్‌లోని ఒక నిరుపేద వృద్ధురాలు చలికాలం గడిపితే దాన్ని మనం ఆక్షేపించనక్కరలేదు. కాని ఆ దానం వెనక వున్న ఆలోచనను చూడాలి. ఇజ్రాయెల్‌కు మద్దతుగా 2006లో అమెరికాలో పెద్ద క్రైస్తవ సంస్థను కట్టిన పాస్టరు జాన్ హేగీ, హిట్లరును యూదులను పాలస్తీనాకు తరిమిన దైవ సాధనంగా ఒక పాత ఉపన్యాసంలో వర్ణించినట్టు 2008లో బయటపడింది. అధ్యక్ష పదవికి పోటీచేస్తున్న మెక్‌కెయిన్ ఆయన మద్దతును వద్దన్నాడు. 2018 మే 14న అమెరికా తన రాయబార కార్యాలయాన్ని జెరూసలేంలో తెరిచినప్పుడు ముగింపు ప్రార్థన చేసినది ఆ హేగీయే. ఆ రోజే గాజా సరిహద్దులో సుమారు 60 మంది పాలస్తీనియన్లు తుపాకి గుండ్లకు బలయ్యారు. యూదుని ప్రేమిస్తున్నానంటూనే అతని చావులో దైవ సంకల్పం చూడగల ప్రేమ ఎటువంటి ప్రేమ? పాలస్తీనా రైతు కన్నీటిని చూడలేని కరుణ ఎటువంటి కరుణ?

మన ప్రాంతానికీ ఈ బాటతో సంబంధం వుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లో జెరూసలేం యాత్రకు పోయే క్రైస్తవులకు ధనసహాయం ప్రకటించింది. 2019లో తక్కువ ఆదాయం కలవారికి దాన్ని 60,000 రూపాయలకు పెంచింది. జీవితంలో ఒక్కసారి బేత్లెహేము చూడాలన్న గుంటూరు కూలి మనిషి కోరికను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ బేత్లెహేము చుట్టూ 2002 నుంచి లేచిన కాంక్రీటు గోడ కూడా ఆ యాత్రికుని దారిలోనే వుంది. గోడకు ఆవల బతుకుతున్నవారిలో క్రీస్తును కొలిచే అరబ్బులూ వున్నారు. పవిత్ర స్థలాల పట్టికలో వారి ఇళ్ళు లేవు.

దానాన్ని తూచటానికి మూడు ప్రశ్నలు చాలు. పుచ్చుకునేవానికి ఆ దానంపై మాట చెల్లుతుందా? దానికి బదులుగా అతని విశ్వాసాన్నో, విధేయతనో, నేలనో అడుగుతున్నారా? అతనికి పెట్టే ముద్ద మరొకని కంచంలోంచి తీసినదా? జెరూసలేం చరిత్రలో ఈ మూడు ప్రశ్నలకూ నిలిచిన దానాలు కొద్ది. కొద్ది గనుకనే వాటిని గుర్తుంచుకోవాలి. యూదుల పట్ల విద్వేషాన్నీ పాలస్తీనియన్ల పట్ల అన్యాయాన్నీ ఒకే నోటితో ఖండించలేనివాడు ఆ రెండిటిలో దేన్నీ నిజంగా ఖండించినట్టు కాదు. ఆకలిగొన్నవానికి రొట్టె కావాలి, నిజమే. ఆ రొట్టెను తలవంచకుండా తినగల హక్కు కూడా కావాలి. ఆ హక్కును ఏ యాత్రికుడూ సంచిలో పెట్టుకుని తెచ్చి ఇవ్వలేడు. విల్నాలో చిల్లర కాసులు పోగుచేసుకున్నవారిలా దాన్ని సంపాదించుకోవలసిందే.